తేలిక మేకు

గుడియాత్తంలో పెళ్లిళ్లకు షామియానా వేసే ఒక పెద్దాయన, ఏ మేకునైనా నేలలో దించేముందు అరచేతిలో ఎగరేసి బరువు చూసేవాడు. ఆ ఇనుప మేకుల మూటను మాత్రం ఎప్పుడూ ఆయన భార్యే నెత్తిన మోసేది.

విదేశీ సరుకు అప్పుడప్పుడే మన దుకాణాల్లోకి వస్తున్న రోజులవి. మోర్ధానా ఆనకట్ట సర్వేలో పనిచేసేటప్పుడు ఒక విదేశీ ఇంజనీరు నాకిచ్చిన టైటానియం గుడారపు మేకును గొప్పగా ఆయనకు చూపించాను. ఆయన దాన్ని రాతినేలలో దించి, తాడు కట్టి, బలంకొద్దీ లాగాడు. వంగలేదు.

"యెంతప్పా ఇది?"

ధర చెప్పాను.

"ఆ దుడ్డుకి ఇనపవి మూటెడొస్తాయి నాయనా. గాలికి రెండూ ఒకటే."

"మోయడానికి తేలిక కదా!" అన్నాను ఉక్రోషంగా.

ఆయన వెనక్కి తిరిగి, మూటతో నిలబడ్డ భార్య మెడవైపు చూశాడు. మేకు ఆయనకే ఇచ్చేశాను.

కొన్నాళ్లకు లత్తేరి రైలు స్టేషనులో ఇద్దరూ కనిపించారు. ఇనుప మేకుల మూట ఆయన నెత్తిన ఉంది. ఆమె చేతిలో ఆ ఒక్క టైటానియం మేకు.

"నా వంతు బరువు ఇదేనంట నాయనా!" అంది ఆమె, సిగ్గుపడుతూ.