వావిలాకు ఆరేదాకా

మంజులత పరిశోధన కోసం మిద్దె మీద ఆరబెట్టిన వావిలాకుతో బుధవారం పొద్దున ఆమె అత్త గుర్వమ్మ స్నానం చేసింది. ఆకంతా కాగులో వేసి మరిగించి, ఆ నీళ్ళు మోకాళ్ళ మీద ధారగా పోసుకొని, తల ఆరకముందే వాడకట్టంతా చెప్పి వచ్చింది. "మా కోడలు నా కాళ్ళ నొప్పులకని తెచ్చింది. కన్నబిడ్డయినా తెస్తదా గిట్ల?"

ఆ మాట విన్నాక, నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే ఆ కోడలికి నిజం చెప్పడానికి నోరు రాలేదు. శనివారం పాలమూరులో అధ్యాపకుల సభ ఉంది. వావిలాకు రసం చీము పట్టించే బ్యాక్టీరియాను చంపుతుందో లేదో అక్కడ తేల్చి చెబుతానని ఆమె ముందే పేరిచ్చింది.

మంజులతకు ఆగడం తెలియదు. ఉడికే అన్నం మీద మూత మాటిమాటికీ తీసి చూస్తుంది. తన పెళ్ళిలో పంతులు చెప్పకముందే తలంబ్రాలు పోసింది.

కట్టంగూరు వాగొడ్డున మళ్ళీ ఆకు కోసుకొచ్చి, పచ్చిదే నూరి స్పిరిట్‌లో నానబెట్టింది. ఆ రసంలో ఒక కాగితపు బిళ్ళను, ఉత్త స్పిరిట్‌లో ఇంకో బిళ్ళను ముంచి, బ్యాక్టీరియా పరిచిన పళ్ళెంలో రెండింటినీ తడితడిగానే పెట్టేసింది. బిళ్ళలు ఆరి, స్పిరిట్ ఎగిరిపోయాకే పెట్టాలని పిల్లలకు ఏటా చెప్పేది ఆమే.

శుక్రవారం చూస్తే ఆకు బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా చచ్చి, రూపాయంత జాగా తేటగా కనిపించింది. వెంటనే భర్త వెంకటేశ్‌కు ఫోన్, ప్రిన్సిపాల్‌కు ఫోన్, స్టాఫ్ రూముకు మిర్చి బజ్జీలు. కెమిస్ట్రీ చెప్పే నవనీత ల్యాబుకు వచ్చి పళ్ళెం మీదికి వంగింది.

"మంజూ, గీ ఉత్త స్పిరిట్ బిళ్ళ సుట్టు గూడ గంతే ఉన్నది గదనే."

"ఏదీ?"

"గిదే. సంపింది ఆకని ఎట్లంటవ్? స్పిరిటే సంపింది. ఆరనియ్యలేదా ఏంది?"

మంజులత పళ్ళెం మీద మూత పెట్టేసింది. స్టాఫ్ రూములో అప్పటికే బజ్జీలు మిగల్లేదు.

ఆ సాయంత్రం వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూనే ఉంది.

"రెండో బిళ్ళ సంగతి ఎవలడుగుతరు? ఆకు బిళ్ళదే చెప్పు" అన్నాడు వెంకటేశ్.

"నేనే అడుగుతున్న గదా!"

సభలో తన వంతు వచ్చీ రాకముందే లేచింది. "నా పళ్ళెంలో పనిచేసింది స్పిరిట్. ఆకు సంగతి నాకింకా తెలియదు" అని కూర్చుంది. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందు వరుస దాకా వచ్చి, చివరికి ఆమెకూ అంటుకుంది.

ఆదివారం మిద్దె మీద కొత్త ఆకు పరిచి, పక్కనే కుర్చీ వేసుకొని కాపలా కూర్చుంది. కూర్చుంది అనడమే గాని, లేవడం, ఆకు తిరగేయడం, మళ్ళీ కూర్చోవడం. కింద కాగు దగ్గర నుంచి గుర్వమ్మ కేకేసింది.

"ఏమే పిల్లా, నా మోకాళ్ళు గుంజుతున్నయి! ఆకు ముంగట పెట్టుకొని గట్ల సూసుకుంట కూసుంటవేందే?"

మంజులత లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"జర ఆరనియ్యి అత్తమ్మా, నేనే ఆగుతున్న!"