గోడమీది పటంలో అత్త ఊరు

మా బంధువుల్లో ఇప్పటికీ ఒక మాట నడుస్తోంది. అత్త పోయినప్పుడు అత్తింటివాళ్లు పుట్టింటి కోక కోసం ఆగలేదని. అది నిజం కాదు. వాళ్లు ఆగారు.

మా వాళ్లలో ఆడపడుచు పోతే పుట్టింటివాళ్లు తెచ్చిన కోక కప్పాకే పాడె లేస్తుంది. అత్తకు మిగిలిన తోబుట్టువు మా నాయన ఒక్కడే. కోయంబత్తూరు మిల్లులో మగ్గాల మోతకు చెవులు పోగొట్టుకుని, ఉత్తరాన కొండమీదున్న మా పల్లెకు తిరిగి వచ్చేశాడు. అత్త ఊరు లోయకు అవతలి కొండమీద. మా పెరట్లోంచి చూస్తే ఆ ఊరి పొయ్యిల పొగ కనబడేది.

ఆ ఉదయం కాఫీతోట ఆఫీసుకు ఫోను వచ్చింది, మా పల్లెకంతా ఫోను అక్కడే. నేను అదే మిల్లులో గుమాస్తాను, సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నాను. కబురందగానే నాయనా నేనూ ఆఫీసుకు వెళ్లాం, ఫోను నేనే అందుకున్నాను. అవతల అత్త భర్త, మా మామ.

"మీ అత్త పోయిందిరా. కోక ఎప్పుడొస్తాది? దాన్నిబట్టి ఎత్తేది చూస్తాము."

నాయన చెవిలో అరిచి చెప్పాను. ఆయన కిటికీలోంచి వాన చూశాడు. "వానలో ఒక ఘాట్ దిగి ఇంకో ఘాట్ ఎక్కాల. రేపు పొద్దున అని చెప్పురా."

ఎదురుగా గోడమీద తోటల పటం వేలాడుతోంది. అందులో రెండు ఊళ్ల మధ్య నా వేలెడు దూరం. అడుగున ఉన్న కొలత ప్రకారం ఎనిమిది మైళ్లు. ఎనిమిది మైళ్లకు రేపటిదాకా అనడం నాకు నామోషీ అనిపించింది.

"మధ్యాహ్నానికే వచ్చేస్తాము మామా" అన్నాను ఫోనులో. నాయనకు వినబడలేదు.

ఆ ఎనిమిది మైళ్లు విమానంలో పోయేవాడికి. మేమెక్కిన తోట జీపు మైదానం దాకా దిగి, కొండ చుట్టి, మళ్లీ ఎక్కాలి. మధ్యాహ్నం దాటినా మేమింకా కిందే ఉన్నాం. వంక పొంగి బళ్లన్నీ నిలిచిపోయాయి. నాయన ఒళ్లో కోక మూట.

"ఎందుకురా అట్ల ఊరికే గడియారం చూస్తావు? రేపటిదాకా పొద్దుండాది కదా."

నేను డ్రైవరును తొందరపెట్టాను. "ఎగిరిపొమ్మంటావా అన్నా?" అన్నాడు వాడు.

చేరేసరికి బాగా రాత్రయింది. పాడె లేచిపోయి, వాకిలి కడిగేసి ఉంది. ఆ తడి చూసి నాయన వెనక్కి వెళ్లి జీపులో కూర్చున్నాడు. మామ నన్ను పక్కకు పిలిచాడు.

"మధ్యాహ్నమంటివి. పొద్దుగూకేదాకా చూస్తిమి. మీకే దారిలో ఏమన్నా అయిందేమో అని భయపడితిమి. రేపని చెప్పింటే కింద ఊరినించి ఐసు తెప్పించి పెట్టుకొనుందుము కదరా."

నేను జీపెక్కాను. "ఏమంటాడు మీ మామ?" అని అడిగాడు నాయన.

ఆయన చెవి దగ్గరికి వంగాను. "ఏమీ అనలేదు నాయనా."

నా ఆ జవాబుతో వాళ్లు కోక కోసం ఆగనే లేదని నాయన నమ్మాడు, ఆ ఇంటితో రాకపోకలు తెగిపోయాయి. మామ పోయినప్పుడు మేము వెళ్లలేదు. నాయన పోయినప్పుడు వాళ్లకు కబురు పెట్టలేదు. రెండు ఇళ్ల పిల్లలూ ఇప్పుడు కోయంబత్తూరులో ఒకే మిల్లు వీధిలో ఉంటారు, ఎదురుపడితే తల తిప్పుకుంటారు.

ఇక్కడ రాసింది వాళ్లు చదవలేరు, తమిళ బళ్లలో చదివిన మా పిల్లల్లో ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. ఈ ఆదివారం మామ కొడుకు ఇంటికి వెళ్లి నోటితోనే చెప్పాలి. వాకిట్లోనే నిలబెట్టినా సరే.