రెండు టిక్కుల మాస్టారు

మా మేనమామ దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లను గుర్తుపట్టడం చాలా తేలిక. కారు ఆపాక వాళ్లు హ్యాండ్‌బ్రేకును లాగరు, పలకరిస్తారు. లీవరు కింద వేళ్లు పెట్టి పైకెత్తుతారు. టిక్కు, టిక్కు అని రెండుసార్లు చప్పుడు రాగానే చెయ్యి తీసేస్తారు. పొరపాటున మూడో టిక్కు వినిపించిందా, పక్క సీట్లోంచి మావయ్య అందుకునేవాడు: "నీళ్లు తోడుతున్నావా? బావిలో బొక్కెన కాదది." అందుకే జనం ఆయనకు రెండు టిక్కుల మాస్టారని పేరు పెట్టారు. ఎదురుగా ఉంటే మాత్రం వట్టి మాస్టారే.

ముప్పయ్యేళ్లకు పైగా డ్రైవింగ్ స్కూలు నడిపాడు. స్కూలంటే భవంతి అనుకునేరు. ఇంటి ముందు ఒక రేకు బోర్డు, లేత ఆకుపచ్చ రంగు పాత కారు, అంతే. ఆ కారు నాకంటే వయసులో పెద్దది. నిదానమే ప్రధానం అన్న మాట తన కోసమే పుట్టిందని మావయ్య నమ్మకం. పెళ్లయిన కొత్తలో సినిమాకి తీసుకెళ్తే సరిగ్గా ఇంటర్వెల్‌కి చేరామని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది. ఆయనకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. బండిని ఎప్పుడూ గేరులో వదలకూడదు. నేర్చుకునేవాళ్లు క్లచ్ తొక్కకుండా తాళం తిప్పుతారు, బండి ఎగిరి ఎదురుగోడను గుద్దుతుంది. కాబట్టి న్యూట్రల్, రెండు టిక్కులు, దిగిపోవడం. స్కూలు మూసేసి బోర్డు దించేశాక కూడా ఈ వరస మారలేదు.

ఈమధ్య ఒక వానరోజు చక్రాల్లో డబ్బాల్లా ఉండే డ్రమ్ము బ్రేకుల్లోకి నీళ్లు దిగి, పాలవ్యానుకు జానెడు దూరంలో కారు ఆగింది. ఇంటికొచ్చి అత్తయ్య తేల్చి చెప్పేసింది.

"ఈ కారులో ఈ బ్రేకులైనా ఉండాలి, నేనైనా ఉండాలి. ఎవరు కావాలో మీరే చూసుకోండి."

మావయ్య కాస్త ఆలోచించాడట. ఆలోచించినందుకే రెండ్రోజులు మాటల్లేవు. చివరికి డిస్కు బ్రేకులకు ఒప్పుకున్నాడు. ఆ కారు పుట్టినప్పుడు దానికి డిస్కులనేవే లేవు. పాత కార్ల కోసం వేరేవాళ్లు తయారుచేసి అమ్మే సెట్టు మెకానిక్ తెప్పించాడు. నాలుగు చక్రాలకూ ఇనుప పళ్లేల్లాంటి డిస్కులు, వాటిని రెండు పక్కలా పట్టుకునే క్యాలిపర్లు. వెనకవాటికి హ్యాండ్‌బ్రేకు తీగ తగిలించడానికి చిన్న ఇనుప చెయ్యి కూడా ఉంది. షెడ్డులో స్టూలు వేసుకుని మావయ్య ఆ పని మొత్తం చూశాడు. ప్రతి నట్టుకీ ఒక ప్రశ్న.

"మాస్టారూ, మీరిలా అడుగుతుంటే నేను చేసే పని నాకే కొత్తగా ఉంది," అన్నాడు మెకానిక్.

కొత్త బ్రేకులు బాగా కుదిరాయి. కాలు ఆనిస్తే చాలు, బండి చెప్పినమాట వింటోంది. అత్తయ్య మళ్లీ ముందు సీట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. కొన్ని వారాలు అంతా సవ్యంగానే గడిచింది.

మావయ్యవాళ్ల ఇల్లు ఏటవాలు వీధిలో సగం ఎత్తున ఉంటుంది. వీధి చివర, దిగువన, టైలరు దుకాణం. ఒక మధ్యాహ్నం మావయ్య కారు ఇంటి ముందు ఆపి, లోపలికొచ్చి, కాళ్లు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. సగం తిన్నాడో లేదో, బయట ఏదో విరిగిన చప్పుడు. పరుగెత్తి చూస్తే ఇంటి ముందు కారు లేదు. అది తనంతట తనే వీధంతా దిగిపోయి, టైలరు దుకాణం ముందున్న బెంచీని రెండు ముక్కలు చేసి ఆగింది. రోజూ ఆ బెంచీ మీద కూర్చుని కాజాలు కుట్టే టైలరు ఆ సమయానికి టీ తాగడానికి వెళ్లాడు. అదృష్టమంటే అదే.

ముందుగా కారు దగ్గరికి చేరింది అత్తయ్య. డోరు తెరిచి, లీవరును రెండు చేతులతో పట్టుకుని పైదాకా లాగేసింది. అప్పటికి అది లేచి ఉందా, పడుకుని ఉందా అని తర్వాత ఎంత అడిగినా ఆమె చెప్పలేకపోయింది.

"నా చేతులు వణుకుతుంటే ఏం లాగానో నాకేం తెలుసు? మీరు వెయ్యలేదు, అంతే."

"వేశానే."

"వేస్తే బండికి కాళ్లొచ్చాయా?"

మర్నాడు మెకానిక్‌ని పిలిపించాం. ఇంటి ముందు అదే చోట కారు నిలిపి, మావయ్య చేత రెండు టిక్కులు వేయించి, నేనూ టైలరూ మెకానిక్కూ కలిసి వెనక నుంచి తోశాం. బండి ఇసుమంతైనా కదల్లేదు. మెకానిక్ బండి కింద దూరి తీగా ఇనుప చేతులూ అన్నీ చూసి, బట్టలు దులుపుకుంటూ లేచాడు.

"బ్రేకులో ఏ లోపమూ లేదు మాస్టారూ," అన్నాడు మెల్లగా. మామూలుగా అయితే అది శుభవార్త. ఆ రోజు మాత్రం ఎవరూ సంతోషించలేదు.

ఎందుకో చెప్పాలి. మావయ్య సొంత అన్నయ్య, మా పెద్ద మావయ్య, చివరి ఏళ్లలో తన ఇంటి గుమ్మంలోనే నిలబడి, ఇదెవరిల్లు అని అడిగేవాడు. ఆయనకూ ఇలాగే మొదలైంది. మొదట పొయ్యి మీద పాలు మర్చిపోయాడు, తర్వాత తలుపు గడియ. ఆ సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. అత్తయ్య మాత్రం కారు తాళం తీసుకెళ్లి బీరువాలో పెట్టేసింది. మావయ్య అడగలేదు. ఆయన అడగకపోవడం చూసే నాకు భయమేసింది.

అప్పటినుంచి అత్తయ్య ఆయన్ని ఓ కంట కనిపెట్టడం మొదలుపెట్టింది. మందులు వేసుకున్నారా, కుళాయి కట్టేశారా, నిన్న ఎవరొచ్చారు? మావయ్య అన్నిటికీ సరిగ్గానే జవాబు చెప్పేవాడు, కానీ చెప్పేముందు ఆగేవాడు. ఒకరోజు నాతో అన్నాడు.

"వేశాననే గుర్తు, అమ్మాయ్. కానీ ఆ గుర్తు ఆ రోజుదో, అంతకుముందు రోజుదో ఎలా చెప్పను? రోజూ వేసేదే కదా."

మాట మార్చాలని, నోటికొచ్చింది అడిగేశాను. ఎందుకు అని అడగడం నాకున్న పాత జబ్బు. అయినా ఈ ఒక్క ప్రశ్న ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

"అసలు రెండే టిక్కులు ఎందుకు మావయ్యా? మూడు వేస్తే ఏమవుతుంది?"

ఆయన మొహంలోకి పాత మాస్టారు కొంచెం తిరిగొచ్చాడు. కుర్రతనంలో ఒక యజమాని దగ్గర డ్రైవరుగా ఉన్నప్పుడు కొండ దిగి వచ్చి, బలమంతా పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగాడట. తిరిగి బయల్దేరబోతే వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. సుత్తితో కొట్టినా లాభం లేకపోయింది.

"బ్రేకు చెక్కలు డ్రమ్ము లోపల్నుంచి బయటికి తోస్తాయి కదా. వేడికి డ్రమ్ము పెద్దదవుతుంది. మనం బండి ఆపి బ్రేకు వేస్తాం. చల్లారాక డ్రమ్ము చిన్నదై, ఇరుకు గాజు చేతిని పట్టినట్టు చెక్కల్ని పట్టేస్తుంది. అందుకని రెండు టిక్కులు చాలు, మిగతా బిగింపు డ్రమ్మే చూసుకుంటుంది. మన పని..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. లేచి చేతులు కడుక్కునే చోటికి వెళ్లి సబ్బుబిళ్ల తెచ్చాడు. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కిటికీ వెలుగులో తిప్పి చూస్తున్నాడు.

"ఇది డిస్కు అనుకో. దీన్ని పట్టుకునేవి బయట ఉన్నాయి. వేడికి ఇది ఉబ్బింది. నేను పట్టుకున్నాను. చల్లారింది. ఇప్పుడేమవుతుంది?"

"పలచబడుతుంది."

"పట్టు?"

"వదులవుతుంది," అన్నాను. "కానీ ఎంతని పలచబడుతుంది మావయ్యా?"

"వెంట్రుకవాసి. రెండు టిక్కుల పట్టు కూడా అంతే కదా."

"మరి మిగతా రోజుల్లో ఎందుకు ఆగింది? మేం తోసినప్పుడు ఎందుకు కదల్లేదు?"

ఆయన సబ్బునే అటూ ఇటూ తిప్పుతున్నాడు. నేనే ఆలోచించాను. ఆయన రోజూ వచ్చేది కింద బజారు వైపు నుంచి, ఎత్తు ఎక్కుతూ. బ్రేకు తొక్కాల్సిన పనే లేదు. మేం తోసిన రోజు బండి పొద్దుణ్నుంచి నీడలోనే ఉంది, బ్రేకులు వేడెక్కనే లేదు.

"బెంచీ విరిగిన రోజు ఎటునుంచి వచ్చావు?"

"పైనుంచి. కళ్లజోడు బాగుచేయించుకుని కొండదారిన దిగి వచ్చాను. దారి పొడుగునా బ్రేకు మీదే."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నాకు గంతులేయాలనిపించింది. మావయ్య మాత్రం సబ్బును బల్ల మీద పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"తప్పు చేసినవాడికి సాకు బాగా తోస్తుంది. బండిని అడిగి చూద్దాం."

అత్తయ్యను తాళం అడిగింది నేనే. మా మాటలన్నీ వింది, నమ్మలేదు. నమ్మాక అది కాదని తేలితే తట్టుకోవడం తన వల్ల కాదంది. చివరికి తాళం ఇచ్చింది కానీ, వెనక సీట్లో తనూ ఎక్కి కూర్చుంది.

"నా కళ్లతో చూస్తే తప్ప నేను దేన్నీ ఒప్పుకోను."

కొండ మీదికి వెళ్లి, ఆ రోజులాగే దిగి వచ్చాం. దించిన అద్దాల్లోంచి బ్రేకులు కాలిన వాసన లోపలికొచ్చింది. దిగువన టైలరు దుకాణం మూసేసి, కుట్టు మిషనును కూడా లోపలి గదిలోకి జరిపించి, వీధికి అడ్డంగా స్టూళ్లు పెట్టుకుని కాపలా నిలబడ్డాడు. మావయ్య ఇంటి ముందు కారు ఆపాడు. న్యూట్రల్ చేశాడు. లీవరు కింద వేళ్లు పెట్టాడు. టిక్కు, టిక్కు. నేను పక్క సీట్లోంచి చూశాను. అత్తయ్య రెండు సీట్ల మధ్యనుంచి తల ముందుకు పెట్టి మరీ చూసింది. దిగాక ముందు చక్రాలకు మూరెడు దూరంలో కొయ్య దుంగలు పెట్టి, అరుగు మీద కూర్చున్నాం.

బండి కదల్లేదు.

ఎండ గోడ మీదినుంచి మెట్ల మీదికి జారింది. అత్తయ్య చెంగు వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. మావయ్య కారు వైపు చూడకుండా ఎదురింటి గోడకేసి చూస్తున్నాడు. బండి కదలకూడదన్నదే బతుకంతా ఆయన నేర్పిన విద్య. ఇప్పుడది కదలాలని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కదలకపోతే తనకూ అన్నయ్య దారే అన్నమాట. నేను చక్రాన్నే చూస్తూ, లోపల్లోపల దాన్ని బతిమాలుకున్నాను. ఒక ఇనుప ముక్కను ఎవరైనా అలా బతిమాలుకుంటారా అంటే, నేను బతిమాలుకున్నాను.

"ఇంక చాల్లెండి, లోపలికి పదండి," అంది అత్తయ్య. చెయ్యి పట్టుకుని ఆయన్ని లేపబోయింది.

అప్పుడు చక్రం కింద చిన్న రాయి నలిగింది. లేత ఆకుపచ్చ కారు, ఎవరో వెనక నుంచి నెమ్మదిగా తోసినట్టు, ముందుకు జరిగి దుంగలకు తగిలి ఆగింది. నేను డోరు తీసి చూశాను. లీవరు రెండు టిక్కుల మీదే నిలబడి ఉంది.

మావయ్య లేవలేదు. రెండో చేత్తో అరుగు అంచును పట్టుకుని ఉన్నాడు.

"అమ్మాయ్, నేను లాగడం నువ్వు చూశావు కదా?"

"చూశాను మావయ్యా."

"మళ్లీ చెప్పు."

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య ఆయన పక్కన కూర్చుంది. పట్టుకున్న చెయ్యి ఇంకా వదల్లేదు.

"లాగారు," అంది. "నేను చూశాను. ఆ రోజు కూడా లాగారు."