మామగారి బండి నోరు మూయించిన రోజు

కొందరు పుట్టుకతో ఘనులు, కొందరు కష్టపడి ఘనులవుతారు. నేను మాత్రం ఒక్క పూటలో, ఒక్క స్పానరుతో అయ్యాను. సర్వీసంతా ఒక్కరోజైనా డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళని మా మామగారిని, సరిగ్గా ఆయన ఆఖరి డ్యూటీనాడు, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిరోడ్డు మీద నిలబెట్టినవాణ్ణి నేనే. ఆ వైనం చెబుతాను, వినండి. నవ్వొస్తే నిక్షేపంగా నవ్వుకోండి గానీ నా మీద జాలి పడొద్దు, అది నాకు చెందదు.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది కాలేదు. ఉద్యోగం రాయ్‌పూర్ రైల్వేలో. మా మామగారు అప్పలస్వామి గారు అక్కడే పాసింజరు బండి డ్రైవరు. విజయనగరం వైపు నుంచి బొగ్గు ఇంజన్ల కాలంలో వచ్చి, రైల్వే కాలనీలోనే స్థిరపడిపోయాడు. ఆయనకి ఒక కూతురు, ఒక మోటారు సైకిలు. కూతుర్ని, అంటే మా పద్మని, నాకిచ్చి కన్యాదానం చేశాడు. మోటారు సైకిలు తాళం మాత్రం మొలతాడుకి కట్టుకునేవాడు.

ఆ బండి నడుస్తున్నంతసేపూ ఇంజను తలకాయలోంచి టిక్కు టిక్కు మని చప్పుడు. బండి వీధి మలుపులో ఉండగానే ఆ చప్పుడు విని మా అత్తగారు పొయ్యి మీద టీ పెట్టేసేది. ఆ చప్పుడు నాకు నచ్చేది కాదు. కొత్త అల్లుణ్ణి కదా, అత్తారింట్లో ఏదో ఒకటి బాగుచేసి చూపించకపోతే మగపుట్టుక పుట్టి ఏం లాభం అనే దురద ఒకటి ఉండేది.

"మామగారూ, టాపెట్లు చూడాలండీ," అన్నాను ఒకరోజు.

టాపెట్లంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఇంజను తలలో వాల్వులని చిన్న మూతలుంటాయి. వాటిని తోసే కడ్డీకీ వాటికీ మధ్య కాగితమంత సందు ఉంటుంది. ఆ సందు ఎక్కువైనా తంటాయే, తక్కువైనా తంటాయే. అప్పుడప్పుడూ చూసుకోవాలి. ఎప్పుడు చూడాలన్నదే గొడవ. ఇన్ని మైళ్ళు తిరిగాక చూడమని బండి కొన్నప్పుడు చెబుతారు. మామగారి బండి మీద మైళ్ళు చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. అది ఎంత తిరిగిందో ఆ పరమాత్ముడికే ఎరుక.

"దాని మాట అది మాటాడుకుంటాది, ఒగ్గేయండి అల్లుడుగారూ," అన్నాడాయన. "మాటాడినంత కాలం భయం లేదు. ఆగిపోతేనే ఏటో అని చూసుకోవాల."

అనుభవజ్ఞుడి మాట చద్దిమూట అంటారు. నేను ఆ మూట విప్పకుండా పక్కన పెట్టేశాను. చప్పుడు ఆగిపోతే రోగమేమిటి, చప్పుడు ఉంటేనే కదా రోగం అని నా తర్కం.

మామగారి రిటైర్మెంటు దగ్గరకొచ్చింది. మా కాలనీలో డ్రైవరు ఆఖరి బండంటే చిన్న సంగతి కాదు. ఇంజనుకి మామిడాకులూ బంతిపూల దండలూ కడతారు, తెలుగువాళ్ళూ హిందీవాళ్ళూ అందరూ ప్లాట్‌ఫారం మీదకొస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఆయనకి ఒకటే పంతం. ఆఖరి బండి తన చేత్తోనే కదలాలి. టైముకి వచ్చి సంతకం పెట్టకపోతే, అక్కడ సిద్ధంగా కూర్చున్న ఇంకో డ్రైవరుని ఎక్కించి పంపేస్తారు. దండలు వేసిన ఇంజను కూడా ఎవరికోసమూ ఆగదు.

ఆ రోజు పొద్దున్న రాయ్‌పూర్ పక్క ఊరైన ఆరంగ్‌లో శివుడి గుడికి వెళ్ళి మొక్కు తీర్చుకుని, అటునుంచి అటే స్టేషనుకి వెళ్ళాలని ఆయన ఏర్పాటు. యూనిఫాం కూడా దేవుడికి చూపించాలని వేసుకునే బయలుదేరతానన్నాడు. వెనకాల కూర్చుని కొబ్బరికాయల సంచీ పట్టుకునే గౌరవం నాకు దక్కింది.

అదిగో, అప్పుడు పుట్టింది నా బుర్రలో పురుగు. ఇంత పెద్దరోజున ఆ టిక్కు టిక్కేమిటి, నిశ్శబ్దంగా, మహారాజులా వెళ్ళొద్దూ? ఆయన నిద్రలేచేలోపు టాపెట్లు బిగించేసి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

"అత్తయ్యా, రేపు ఒక మంచి పని మొదలెట్టాలి. వేళ ఎప్పుడు బాగుంది?" అని ముందురోజు అడిగాను.

ఆవిడ పంచాంగం తీసి, వేళ్ళు మడిచి లెక్కేసి, "తెల్లారగట్ట బాగుంది బాబూ. తరవాత వర్జ్యం తగులుతాది," అంది. నేనేదో ప్రమోషను పరీక్షకి చదవబోతున్నాననుకుని సంతోషించింది కూడా.

టాపెట్లు చూడటానికి ఇంజను చల్లగా ఉండాలి. తెల్లవారుజామున అది కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. చూశారా, శాస్త్రమూ కుదిరింది, ఇంజనుకీ కుదిరింది. ముహూర్తం బ్రహ్మాండంగా పెట్టాం, కానీ మామగారి ఆఖరి డ్యూటీనాడు ఈ పని చెయ్యొచ్చా అని మాత్రం ఒక్కరమూ చూడలేదు.

పద్మ కళ్ళు నులుముకుంటూ వరండాలోకి వచ్చింది.

"ఏం చేస్తున్నారు?"

"ష్. మీ నాన్నగారికి కానుక."

"ఆయన బండి ముట్టుకోకండి. నాన్నకి తెలిస్తే ఊరుకోరు."

"తెలియాలనే కదా చేస్తున్నది."

సందు కొలవడానికి సన్నని రేకు బిళ్ళలుంటాయి. అవి నా దగ్గర లేవు. చెవులున్నాయి కదా అని వాటినే నమ్ముకున్నాను. కొంచెం బిగించడం, తిప్పి చూడటం, ఇంకొంచెం బిగించడం. కడ్డీ కదలనంతగా బిగించాక ఇంజను తిప్పితే ఏ చప్పుడూ లేదు. నా జన్మ ధన్యమైంది.

మామగారు యూనిఫాంలో వచ్చి కిక్కు కొట్టాడు. మొదటిసారి అంటుకోలేదు. నాలుగైదు తన్నుల తర్వాత అంటుకుంది. ఆయన మెడ పక్కకి వంచి విన్నాడు.

"ఏటి, మాటాడదేటి?"

"నేనే నోరు మూయించానండి," అన్నాను గర్వంగా.

ఆయన నా వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. "సరే, ఎక్కండి," అన్నాడు. ఆ సరేలో ఎంత సరి కానిది ఉందో నాకు అర్థం కాలేదు.

వెళ్ళడం బాగానే వెళ్ళాం, పొద్దుటి చల్లదనం కదా. ఆరంగ్‌లో మొక్కు తీరింది, కొబ్బరికాయ నిలువునా పగిలింది. తిరుగు ప్రయాణంలో ఎండ ముదిరింది. బండి మెల్లగా నీరసించింది. ఎత్తు వస్తే ఆయాసం, సమానంగా ఉంటే దగ్గు. మా ఊరి మొగలో తెలీబంధా చెరువు దగ్గరికి వచ్చేసరికి ఒక తుమ్ము తుమ్మి ఆగిపోయింది.

కిక్కు కొడితే కాలు మెత్తగా కిందికి దిగిపోతోంది. ఇంజనులో బిగువే లేదు. కాసేపు ఆగితే, చల్లబడి అంటుకుంది. నాలుగు కొట్లు దాటాక మళ్ళీ ఆగింది. మళ్ళీ ఆగాం, మళ్ళీ అంటుకుంది, మళ్ళీ ఆగింది. అలా వాయిదాల మీద ఒక టీ కొట్టు దాకా వచ్చాం.

టీ కొట్టావిడ బయటికొచ్చి, "కా హోగే భైయా?" అని, ఏమైందని అడిగింది. ఆ ఒక్క మాటకి చెరువు గట్టు మీదున్న జనమంతా వచ్చి చుట్టూ చేరారు. ఒకడు ప్లగ్గు అన్నాడు, ఒకడు పెట్రోలులో నీళ్ళన్నాడు. ఇంకొకడు చెరువునీళ్ళు తెచ్చి ఇంజను మీద పోయబోతే మామగారు చెయ్యి అడ్డుపెట్టి, "రహనే దో బాబూ, పగిలిపోద్ది," అన్నాడు.

ఏదో ఒకటి విప్పి చూద్దామంటే స్పానర్లేవీ? పొద్దున్న పని చేసిన చోటే, వరండాలో, సంచీతో సహా ఉండిపోయాయి.

మామగారు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన యూనిఫాం చెమటకి వీపుకి అతుక్కుపోయింది. 

ఆ గుంపులో ఒక ముసలి మాస్టారు, నా మొహం చూసి కాస్త ఊరట కలిగిద్దామనుకున్నాడో ఏమో, "మీరేం పని చేస్తారు?" అని హిందీలో అడిగాడు.

నేనూ హిందీలోనే చెప్పాను. "రైల్వేలో. పట్టాకీ పట్టాకీ మధ్య సందు సరిగ్గా ఉందో లేదో చూస్తాను."

"సందెందుకు? కలిపేస్తే చప్పుడు ఉండదు కదా?"

ఉద్యోగం గురించి అడిగితే నాకు ఒళ్ళు తెలియదు. "అలా ఎలా కలుపుతాం మాస్టర్జీ," అని మొదలెట్టాను. "ఎండకి ఇనుము పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే పట్టా వంకర తిరిగి బండి..."

అక్కడితో నా నోరు ఆగిపోయింది. బండి పడిపోతుంది అనబోయి, పక్కనే స్టాండు మీద పడి ఉన్న బండిని చూశాను. వేడికి కడ్డీ పెరిగింది, సందు లేదు, మూత మూసుకోలేదు, ఇంజను ఊపిరి పోయింది. నెల జీతం తీసుకుని నేను రోజూ కాపాడే సందునే, ఉచితంగా, పనిగట్టుకుని మూసేశాను.

మామగారు నా వైపు తిరిగి చాలా మర్యాదగా, "పూర్తిగా సెప్పండి అల్లుడుగారూ. మాస్టారు వింటన్నారు," అన్నాడు.

భూమి చీలితే దూరిపోదును, కానీ ఆ ఎండకి భూమి అప్పటికే చాలా చోట్ల చీలి ఉంది, ఎందులో దూరాలో తేల్చుకోలేకపోయాను.

రిక్షా తొక్కేవాళ్ళెవరూ ఆ ఎండలో స్టేషనుదాకా రామన్నారు. టైము దగ్గరపడుతోంది. సరిగ్గా అప్పుడు వచ్చిందండీ, ఊళ్ళో దిగిన సర్కస్ వాళ్ళ ప్రచారం జీపు. ఒక పక్క పులి బొమ్మ, ఒక పక్క ఏనుగు బొమ్మ, నెత్తి మీద మైకు, వెనక ఒక డప్పువాడు. నేను సిగ్గు విడిచి జీపు ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాను. సంగతి నేను ఏడుపు గొంతుతో చెబితే, టీ కొట్టావిడ ఇంకా బాగా చెప్పింది.

మైకువాడు విన్నాడు. "ఆఖరీ డ్యూటీయా? ఎక్కండి సాబ్. కానీ మైకు ఆపకూడదు, మా మాలిక్ వింటుంటాడు," అన్నాడు.

అలా మా మామగారు పులికీ ఏనుగుకీ మధ్య, నిటారుగా, ఇంజనులో కూర్చున్నట్టే కూర్చున్నాడు. నేను వెనక డప్పు పక్కన వేళ్ళాడాను. జీపు కదిలింది. మైకువాడు నిప్పుల్లోకి దూకే పులినీ మామగారినీ కలిపి చాటడం మొదలెట్టాడు.

"దేఖియే, దేఖియే, ఆగ్ మే కూద్‌నేవాలా షేర్! ఔర్ దేఖియే, హమారే డ్రైవర్ సాబ్, ఆజ్ ఆఖరీ డ్యూటీ! రాస్తా దీజియే భాయీ!"

దారి పొడుగునా జనం పక్కకి తప్పుకున్నారు. పిల్లలు వెంటపడ్డారు. ఎవరో బంతిపూలు విసిరారు. పులికి విసిరారో మామగారికి విసిరారో తెలియదు, పడ్డది మాత్రం ఆయన ఒళ్ళో.

స్టేషను ముందు కాలనీ అంతా మా కోసం చూస్తోంది. మామగారు జీపు దిగి పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళి సంతకం పెట్టాడు. ఇంకా టైముంది. ఆ మాట చెవిన పడగానే అక్కడే ఒక పెట్టె మీద కూలబడి కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ పుట్టినట్టయింది, నిజం చెబుతున్నాను.

కళ్ళు తెరిచేసరికి కాలనీ పెద్ద సూర్యనారాయణ గారు నా మెళ్ళో దండ వేస్తున్నాడు.

"మామగారిని పులి మీద ఊరేగించావు. అల్లుడంటే ఇలగుండాల."

పద్మ కళ్ళు తుడుచుకుంటోంది. "నాకు ఒక్కముక్కైనా చెప్పలేదు, ఇందుకేనా పొద్దున్న కానుక అన్నారు?" అంది.

నేను నోరు తెరిచాను. మామగారు నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. "అవును. ఇదంతా మా అల్లుడుగారి చేతి చలవే," అన్నాడు అందరికీ వినబడేలా. ఆ నొక్కుడు భుజం మీద చాలారోజులు ఉంది.

"వచ్చే ఏడు నా రిటైర్మెంటు," అన్నాడు సూర్యనారాయణ గారు. "ఏనుగు అసలుదే దొరుకుతాదేమో చూడు బాబూ."

ఇంజను కూత పెట్టింది. మామగారు దండల మధ్య కిటికీలోంచి బయటికి వంగి, నన్ను దగ్గరికి రమ్మని వేలితో పిలిచాడు. మొలతాడుకి కట్టుకున్న తాళం విప్పి నా అరచేతిలో పెట్టాడు. నా కళ్ళు చెమర్చాయి.

"ఇయ్యాల్టి నుంచి ఆ బండి మీదే అల్లుడుగారూ," అన్నాడు. "తెలీబంధాలో ఉంది. తోసుకుని రండి."

ఆ సాయంత్రం మెడలో వాడిన దండతో, తెలీబంధా నుంచి కాలనీదాకా ఆ మూగబండిని తోస్తూ, అష్టదిక్పాలకులు సాక్షిగా, దారిలో ఎదురైన కుక్కలు సాక్షిగా నేను ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ ఇంజను టాపెట్లు చూడాల్సొచ్చినా సరే, ముందుగా పంచాంగం చూడను, చెవిని నమ్మను. ఆ బండి మీద ఎవరెవరు ఎక్కడికి వెళ్ళాలో ఇంటింటికీ తిరిగి అడిగి, ఎవరికీ ఎక్కడికీ వెళ్ళే పనిలేదని తేలిన రోజున, పది ఊళ్ళ అవతల ఉన్న మెకానిక్కు దగ్గరికి, నేనే, నడిపించుకుని తీసుకెళతాను.