నర్సమ్మ శ్రుతి

సెల్‌ఫోన్లలో పాటలు ఇంకా మా బజారు దాకా రాని ఆ రోజుల్లో, ఖమ్మంలో సాయంత్రం పూట పాట వినాలంటే మావాళ్లంతా చాచా దుకాణం ముందుకే చేరేవారు. చాచా హార్మోనియం పెట్టెలు బాగుచేసేవారు. బాగుచేసిన పెట్టె సరిగ్గా పలుకుతోందో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు పాడాలి కదా, నాలుగేళ్లుగా ఆ ఒకరు నేనే. బడిలో పాఠాలు చెప్పి వస్తూ అక్కడ కూర్చుని పాడితే కూరగాయలమ్మేవాళ్లు తక్కెడలు ఆపి వినేవారు. (బేరం కుదరక ఆపారేమో, నేనెప్పుడూ అడగలేదు.) సీమంతమైనా, పెళ్లయినా, శ్రీరామనవమి పందిరైనా మా బజారుకు గొంతంటే నాదే.

అంత సుఖంగా ఉన్న నా బతుకులోకి టేకులపల్లి నుంచి ఒక నర్సు వచ్చిపడింది. మా వెనక సందులో కిరాయికి దిగిన మూడో రోజే "చాచా, నేనొక పాట పాడనా?" అని అడిగి మరీ పాడింది. తక్కెడలు ఆగాయి. ఈసారి అనుమానం లేకుండా ఆగాయి. ఇంటికొస్తే మా అమ్మ అన్నం వడ్డిస్తూ "ఆ పిల్ల గొంతేందే, తేనె లెక్కున్నది!" అంది. కూరలో ఉప్పెక్కువైందని ఆ పూట అమ్మతో గొడవపెట్టుకున్నాను.

నవమి పందిట్లో మొదటి పాట ఎప్పుడూ నాది. ఆ ఏడు చాచా "ఈసారి నర్సమ్మతోటి పాడిద్దాం బిడ్డా" అన్నారు. "అవ్ చాచా, మంచిదే" అని నవ్వాను. ఆ నవ్వుకు దవడలు రెండ్రోజులు నొప్పి పెట్టాయి. పండుగ ముందురోజు ఒక్కదాన్నే వెళ్లి, "నర్సమ్మ శ్రుతి రెండు మెట్లు పైకి పెట్టమన్నది చాచా. నీకు చెప్పనీకె సిగ్గుపడుతున్నది" అని అబద్ధమాడాను. "గంత పైకా?" అని చాచా ఆశ్చర్యపోయారు. అంత ఎత్తున పాడలేక ఆమె గొంతు బొంగురుపోతే బజారుకు నా విలువ తెలిసొస్తుందని నా ఆశ.

పండుగనాడు పందిరి నిండింది గానీ నర్సు రాలేదు. కాన్పు కేసు వచ్చి దవాఖానాలో ఆగిపోయిందట. "జల్దీ రా బిడ్డా, నువ్వే పాడాలె!" అన్నారు చాచా. పొంగిపోతూ మైకు ముందు నిలబడ్డాను. పెట్టె పలికాక గానీ నేను చేసిన ఘనకార్యం గుర్తురాలేదు. "చాచా, జర దించు" అని గొణిగాను. "తబలా గూడ గా శ్రుతికే కలిపినం. ఇప్పుడెట్ల దించేది?"

పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణం దగ్గర నా గొంతు నూనె లేని తలుపులా కీచుమంది. ముందు వరుసలో పిల్లలు పకపకా నవ్వారు. మా అమ్మ పందిరి గుంజ వైపు తిరిగిపోయింది. సరిగ్గా అప్పుడు నా వెనక నుంచి అదే చరణం హాయిగా లేచింది. డ్యూటీ దిగి తెల్లబట్టల్లోనే పరుగెత్తుకొచ్చిన నర్సు, నా భుజం మీద చెయ్యేసి పాడుతోంది. పైన ఆమె, కింద నేను. ఇద్దరం కూడబలుక్కుని పాడామనుకుని జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత పానకం తాగుతుంటే చాచా, "నువ్వడిగిన శ్రుతి బాగ కుదిరింది నర్సమ్మా" అన్నారు.

"నేనెప్పుడడిగిన?" అంటూ ఆమె నా మొహం చూసింది. ఇక దాచలేక, "నీ గొంతు పోవాలని నేనే చెప్పిన" అన్నాను.

ఆమె చేతిలోని పానకం ఒలికిపోయేలా నవ్వింది. "నీ పాట నాకియ్యమని వారం సంది చాచాను సతాయించింది నేనే అక్కా! అందరు నీ గొంతే గొంతంటుంటే నాకు కడుపుల మండేది."

ఆ తర్వాత మూడు నవములు కలిసే పాడాం. ఆపైన ఆమెకు భద్రాచలం బదిలీ అయింది. కొన్నాళ్లకు ఫోన్ చేసి, "ఈడ నాతోటి పాడనీకె ఒకామె దొరికిందక్కా, మస్తు పాడుతది" అని సంబరంగా చెప్పింది. "అవునా, మంచిదే" అన్నాను. తర్వాత రెండ్రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మూడోనాడు తరగతిలో, పక్కవాళ్లను చూసి ఈర్ష్యపడకూడదని పిల్లలకు పాఠం చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి నవ్వేశాను. ఎందుకు నవ్వానో పిల్లలు అడిగారు గానీ, చెప్పలేదు.