ఉప్పు నేను ఒక్కసారే వేశాను

మా సంఘంలో క్షమాపణ దొరకని పాపం ఇప్పటిదాకా నాకు ఒక్కటే కనబడింది. విందు కూరలో ఉప్పెక్కువ కావడం. తక్కిన పాపాలన్నిటికీ దారి ఉంది. గుడి మైకు సెట్టు అమ్ముకుని తాగేసిన ఒకాయన కొన్నాళ్ళు కనబడకుండా పోయి, ఒక ఆదివారం వెనక వరసలో కూర్చుని ఏడ్చాడు. పాస్టరుగారు దిగి వెళ్ళి కౌగిలించుకున్నారు. ఇవాళ కొత్త మైకులో ప్రకటనలు చదివేది ఆయనే. పెళ్ళాన్ని వదిలేసి చెన్నై పారిపోయినవాడు తిరిగొస్తే ముందు చాప మీద చోటిచ్చారు. వీటిని నేను తప్పు పట్టడం లేదు. దేవుడి కనికరం అంటే అదేనని నాకూ తెలుసు. ఆ కనికరం గుడి వెనకున్న వంటపాక దాకా ఎందుకు నడిచి రాలేదన్నదే నా ప్రశ్న.

మాది నౌపడ పక్కన ఉప్పు మళ్ళ ఊరు. ఎండాకాలంలో గాలికి నోరు తెరిస్తే నాలుకకి ఉప్పు తగులుతుంది. మగవాళ్ళు మళ్ళలోంచి ఇంటికొస్తే కాళ్ళు మోకాళ్ళ దాకా తెల్లగా ఉంటాయి. ఇలాంటి ఊరు ఒక కూరని పట్టుకుని ఇన్నేళ్ళు ఉప్పు ఉప్పు అని గోల చేసిందంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. నేను నవ్వలేదు.

సంఘ వార్షికోత్సవానికి ప్రేమ విందు వండడం మా అత్తతో మొదలైంది. ఆమెకి వయసు మళ్ళాక ఆ పొడుగు గరిటె నా చేతికిచ్చింది. నేను చిన్నకోడలిని. పెద్దకోడలు, అంటే నా తోడికోడలు, పక్కనే నిలబడి ఉంది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమెని నేను మొదటి రోజు నుంచీ అప్పా అనే పిలిచాను. గరిటె నాకు వచ్చిన రోజు అప్ప పప్పులో తాలింపు బాగుందని మాత్రం అంది. ఆ రోజు పప్పే వండలేదు.

మా విందు వంటకి ఒక నియమం ఉంది. పాస్టరుగారు ప్రార్థన చెయ్యకముందు కూర రుచి చూడకూడదు. నేను పట్టుబట్టి అడిగితే ఆయన బైబిలంతా వెతికి, అలాంటిది ఎక్కడా లేదనే చెప్పారు. అయినా ఎవరూ నాలుక మీద పెట్టరు. మా అత్త తరం వాళ్ళు చిన్నప్పుడు అమ్మవారికి నైవేద్యం వండినవాళ్ళు. తరవాత దేవుణ్ణి మార్చుకున్నారు గాని చేతుల్ని మార్చుకోలేదు. కాబట్టి ఉప్పు, కారం అన్నీ కంటి అంచనాయే. నా అంచనా ఎప్పుడూ తప్పలేదు.

ఆ ఏడు కూడా తప్పలేదు. గాడిపొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. కల్లుప్పు వేసి, కలిపి, మూత పెట్టాను. అంతలో స్త్రీల సమాజం పాటకి రమ్మని గుళ్ళోంచి పిలుపు వచ్చింది. మంట చూస్తూ ఉండమని అప్పకి చెప్పి వెళ్ళాను. పాట పాడాను, వచ్చాను. ప్రార్థన అయింది, మొదటి బంతి కూర్చుంది.

మొదట ఎవరో నీళ్ళు అడిగారు. తరవాత ఆ వరసంతా నీళ్ళు అడిగింది. సంఘ పెద్ద ముద్ద పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఏటమ్మా ఇది! మళ్ళలో ఉప్పంతా దీన్లోకే వొచ్చీసినాదా? మాకు కూలి పని తప్పిపోయినట్టున్నాది!"

బంతంతా నవ్వింది. నేను గిన్నెలోంచి తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. నిజమే, ఉప్పు రెండింతలుంది. పాకలో ఉన్నది మేమిద్దరం. నేను వేసింది ఒకసారి. ఇంక ఆలోచించడానికి ఏముంది?

గిన్నెలు తోమే దగ్గర అప్పని పట్టుకున్నాను.

"అప్పా, నాను పాటకెల్లినప్పుడు నువ్వు ఉప్పేసినావా?"

"నానా? నానేటి, నీ డేగిసా జోలికొస్తానా? గరిటె నీది, ఉప్పు నీది, పేరు నీది."

"మరి రెండోసారి ఎవులేసినారు?"

"నీకే గుర్తు లేదేమో సూసుకో. పాట మీద ద్యాసలో ఉన్నావు."

అలా అంటూ డేగిసా లోపలికి తల దూర్చి తోమింది. బయటికి తియ్యలేదు. మనిషి అబద్ధం ఆడేటప్పుడు తల దాచుకోవడానికి అంత పెద్ద గిన్నె దొరకడం అదృష్టమే.

మరుసటి ఏడు విందుకి టెక్కలి నుంచి కేటరింగు పిలిపించారు. నన్ను ఉల్లిపాయలు కొయ్యమన్నారు. ఆ పై ఏడు, "నువ్వు కూర్చో అమ్మా, రెస్టు తీసుకో" అన్నారు. రెస్టు అంటే ఏమిటో నాకు తెలుసు. చిల్లు పడిన ఇత్తడి బిందెని అటక మీద పెట్టినప్పుడు దానిక్కూడా రెస్టే. కేటరింగువాడు ఏటా అదే బిర్యానీ, అదే రంగు, అదే నూనె. జనం ఏటా తిని ఏటా తిట్టారు. వాడికి మాత్రం ఏటా ఇంకో అవకాశం ఇచ్చారు.

పాస్టరుగారికి చెప్పుకున్నాను. మంచి మనిషే. ప్రతి పొద్దూ దేవుడి కనికరం కొత్తగా దిగుతుందని ఆయన చెబుతుంటే నిద్రపోయేవాళ్ళు కూడా లేస్తారు.

"దేవుడు ఎప్పుడో మర్చిపోయాడమ్మా. మీరూ మర్చిపోండి" అన్నారు.

"దేవుడు మర్చిపోయాడు సరేనండి. టెక్కలికి ఫోను చేసింది ఎవరు?" అన్నాను.

ఆయన నా కోసం ప్రార్థన చేశారు. మా సంఘంలో జవాబు లేని ప్రశ్న అడిగితే ప్రార్థన దొరుకుతుంది.

బయటివాళ్ళు ఊరుకుంటారా? కిరాణా కొట్టాయన మా గుడికి రాడు, వినాయకుడి పటానికి అగరొత్తి వెలిగించి బేరం మొదలుపెట్టే మనిషి. నేను ఉప్పు పేకెట్టు అడిగితే చాలు, "ఇంటికా అమ్మా, సంఘానికా? సంఘానికైతే బస్తా తెప్పించాల" అంటాడు. అన్న ప్రతిసారీ తనే నవ్వుకుంటాడు. అది మొదటిసారి కూడా నవ్వొచ్చే మాట కాదు.

ఈ ఏడు అప్పకి టైఫాయిడ్ వచ్చింది. చాలా చిక్కిపోయింది. సంఘమంతా ప్రార్థన చేసింది, నేనూ చేశాను. ఆమె బతకాలనే చేశాను, అందులో దొంగతనం లేదు. కోలుకున్నాక మొదటి ఆదివారం దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పడానికి లేచింది. మైకు పట్టుకుంది.

"నాను మంచం మీదున్నప్పుడు దేవుడు నాకొక సంగతి గుర్తు సేసినాడు. ఆ ఏడు విందు కూరలో రెండోసారి ఉప్పేసింది నానే. మా తోడికోడలు మర్సిపోయిందనుకుని ఏసినాను. అందరూ దాన్ని అంటంటే నోరు మూసుకున్నాను. బాగానే అయినాదని మనసులో అనుకున్నాను కూడా. దేవుడు నన్ను చమించినాడు."

ఇన్నేళ్ళ తరవాత, అందరి ముందూ, మైకులో. ఇప్పుడు తలలన్నీ నా వైపు తిరుగుతాయనుకున్నాను. హల్లెలూయా అన్నారు. చప్పట్లు కొట్టారు. అప్ప ఏడ్చింది, పాస్టరుగారి కళ్ళు తడిశాయి. నా వైపు ఒక్కరూ తిరగలేదు. కాదు, ఒకామె తిరిగింది, కొంచెం జరగమని.

ఆ తరవాత సంఘ పెద్దాయన లేచాడు. "ఇంత దైర్యంగా తప్పొప్పుకున్న సహోదరికి సంఘం కూడా అవకాశమివ్వాల. ఈ ఏడు విందు వంట ఈవిడ సేతే సేయిస్తన్నాం!"

మళ్ళీ చప్పట్లు.

ఉప్పు ఎక్కువ వేసినామెకి గరిటె. సరిగ్గా వేసినామెకి చాప. గుమ్మం దగ్గర పాస్టరుగారిని ఆపాను.

"తప్పు చేసినవాళ్ళకి రెండో అవకాశం. బాగుందండి. చెయ్యనివాళ్ళకి ఏముంది?"

"సంతోషం ఉంది కదమ్మా, ఆమె మనసు మారినందుకు."

"ఆ సంతోషం ఏ డేగిసాలో పెట్టారో చూపించండి. గరిటెడు వడ్డించుకుంటాను."

మళ్ళీ ప్రార్థన చేశారు.

విందుకి ముందు రోజు మధ్యాహ్నం అప్ప మా ఇంటికొచ్చింది.

"ఒసే, ఉన్నావేటే?"

"ఉండక ఎక్కడికెల్తాను? నన్ను పిలిసినోలెవులున్నారు?"

"దాహమేస్తన్నాది."

"కుండలో ఉన్నాయి. ముంచుకో."

ముంచుకుని తాగి గడప మీద కూర్చుంది. జ్వరం పీల్చేసిన ఒళ్ళు, ఇంకా నిండలేదు.

"నావల్ల కాదే. ఇంట్లో నలుగురికి ఒండితేనే అడుగంటిపోతాది. ఊరికి ఎలాగ ఒండుతాను? రాయే."

"మైకులో ఒప్పుకున్నప్పుడు తెలీదేటి?"

"మైకు దగ్గర దేవుడు పక్కనే ఉన్నట్టుంటాది. పాకలో ఎవులుంటారు?"

నాకు నవ్వు రాబోయింది. రానివ్వలేదు. ఆ ఆదివారం నుంచీ దాచుకున్న ప్రశ్న అడిగాను.

"ఊరందరికీ సెప్పినావు. దేవుడికి సెప్పినావు. రోజూ నా గుమ్మం ముందు నుంచే కదా ఎల్తావు. నాకెందుకు సెప్పలేదు?"

చేతిలో గ్లాసు తిప్పింది.

"బయమేసినాదే. దేవుడైతే ఊరుకుంటాడని తెలుసు. నువ్వు ఊరుకోవు."

అది తిట్టో, పొగడ్తో ఇప్పటికీ నాకు తేలలేదు. అబద్ధం మాత్రం కాదు. నేను ఊరుకునే మనిషిని కాను. ఊరుకునేవాళ్ళని అందరూ మంచివాళ్ళంటారు, అని మళ్ళీ వాళ్ళ నెత్తి మీదే గిన్నెలు పెడతారు. కానీ ఒక మనిషి చావు దాకా వెళ్ళొచ్చి, దేవుడి ముందు నిలబడడం కన్నా నా ముందు నిలబడడం కష్టమని చెబుతుంటే వినడానికి బాగోలేదు. రానని చెప్పాను. ఆమె గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

తెల్లవారుతుండగా నేను వెళ్ళాను. జాలిపడి కాదు, ఎలా మాడుస్తుందో చూద్దామని. చూడగానే తెలిసింది, గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంటే పొయ్యి నోరు అటే పెట్టించింది. మంటంతా ఒక పక్కకే పోతోంది. సరుగుడు కట్టెలు పొగ చిమ్ముతుంటే కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఏడుస్తోందో, పొగకో నేను అడగలేదు. కట్టెలు లాగేసి, రెండో వైపు మట్టి తవ్వించి, నోరు మార్చాను. ఆమె చేతిలోంచి గరిటె తీసుకున్నాను. ఇవ్వడానికి ఆమె ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు.

ఉప్పు వేశాక గరిటెతో కొంచెం పులుసు అరచేతిలో పోసుకుని నాలుకకి రాసుకున్నాను. అప్పుడే పెద్దాయన పాకలోకి వచ్చాడు.

"అమ్మమ్మమ్మ! ప్రార్దన అవ్వకుండానే ఎంగిలి సేసీసినావా!"

"దేవుడికి ముందు నాను తింటన్నాను బాబూ. బాగోకపోతే ఆయన దాకా పోనివ్వను."

"తప్పమ్మా!"

"తప్పైతే చమిస్తాడు. ఉప్పైతే మీరు చమించరు."

అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన పాస్టరుగారితో చెప్పడానికి వెళ్ళాడు. పాస్టరుగారు రాలేదు. నేను అడిగిన రోజు బైబిలంతా వెతికింది ఆయనకి గుర్తుండే ఉంటుంది.

విందు అయింది. రెండో బంతిలోనే కూర అడుగు కనబడింది. ఎవరూ నీళ్ళు అదనంగా అడగలేదు. పెద్దాయన మైకు అందుకుని వంట చేసిన సహోదరికి వందనాలు చెప్పి, అప్పని ముందుకు రమ్మన్నాడు. అప్ప కదల్లేదు, కూర్చున్న చోటి నుంచే గట్టిగా అంది:

"నాను కట్టెలు కూడా ఎగెయ్యలేదు బాబూ. ఒండింది అది."

తలలు తిరిగాయి. ఈసారి నిజంగానే నా వైపు తిరిగాయి. పెద్దాయన ఒక్క క్షణం తడబడి, వెంటనే ముఖమంతా వెలిగించుకున్నాడు.

"సూసినారా సంఘమా! దేవుడు ఈ సహోదరికి కూడా రెండో అవకాశమిచ్చినాడు! ఈసారి ఉప్పు సమంగా ఉన్నాది!"

చప్పట్లు. హల్లెలూయా.

"దానికెందుకు బాబూ రెండో అవకాశం?" అప్ప లేచి నిలబడింది. "తప్పు నాది! మొన్న నాను సెప్పింది ఇన్లేదేటి?"

"ఇన్నామమ్మా, ఇన్నాం. ఇద్దరికీ ఇచ్చినాడు. దేవుడి దగ్గర కొదవేటి?"

అందరూ నవ్వారు. చెయ్యని తప్పుకి నన్ను సంఘమంతా ఏకగ్రీవంగా క్షమించేసింది. ఇంక ఎవరితో వాదించను? ఎంగిలి విస్తళ్ళు ఎత్తేవాళ్ళు కూడా వచ్చేశారు.

అందరూ వెళ్ళాక పాకలో అప్పా నేనూ కూర్చుని తిన్నాం. మిగిలింది అడుగు ముక్కలే. మంచి ముక్క ఏరి నా విస్తట్లో వేసింది. నేను దాన్ని తీసి ఆమె విస్తట్లో వేశాను, జ్వరం మనిషి కదా.

"కోపం పోయినాదేటే?" అంది.

"సగం పోయినాది."

"మిగిలిన సగమో?"

"అది నీ మీద కాదులే. తిను."

ఆమెకి పొలమారేంత నవ్వు వచ్చింది. నీళ్ళ చెంబు అటు తోశాను. దేవుడి కనికరానికి అంతు లేదని పాస్టరుగారు అంటారు. నేను కాదనను. నా దగ్గరున్నది కొంచెం, అదీ చాలా ఏళ్ళు పట్టి ఊరింది. ఆ మధ్యాహ్నం ఉన్నదంతా మా అప్పకే పెట్టేశాను. పెద్దాయన వాటాకి మిగల్లేదు. ఆయన పైవాణ్ణే అడుక్కోవాలి. అక్కడ కొదవ లేదని మైకులో చెప్పింది ఆయనే.