యూనిఫాంలో నేను లేని గంటలు

నా జబ్బు స్టోర్ రూమ్ కౌంటర్ దగ్గర మొదలైంది. అప్పుడు నేను కడప దగ్గర ఒక సైనిక శిక్షణ పాఠశాలలో క్యాడెట్‌ని, పన్నెండో తరగతి. ఇన్‌స్పెక్షన్‌కి కొత్త బెల్టు కావాలని వెళ్తే, స్టోర్ చూసుకునే రెడ్డెప్ప అన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, ఎగతాళి చేస్తాండావా? ఇంతకు ముందే కదా తీసుకొని పోతివి. నీ నడుముకు ఉండేది ఏంది?"

తడుముకొని చూసుకున్నాను. కొత్త బెల్టే. తీసుకున్నట్టు మాత్రం నాకు గుర్తు లేదు. నవ్వేసి బయటికొచ్చాను గానీ, అంతకు కాసేపటి ముందు కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు, కాలిన రబ్బరు వాసన వేసినట్టు అనిపించిన సంగతి గుర్తుంది. పక్కనున్న వాళ్లెవరికీ ఆ వాసన తెలియలేదు.

మా బడిలో రోజంతా ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి వరుసగా నడవడమే. మెస్, గ్రౌండ్, క్లాసులు, లాండ్రీ, స్టోర్, మంగలి షాపు. ఒంట్లో బాగాలేకపోతే ఎంఐ రూమ్, అంటే మా చిన్న దవాఖానా. ఎవరేమన్నా చెప్పాల్సిన మాట ఒకటే: "ఎస్ సర్." నా జబ్బు దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

కొన్నాళ్లకు మంగలి షాపులో కుర్చీలో కూర్చోబోతే బాషా భాయ్ కత్తెర కింద పెట్టేశాడు. "ఇంగేం తీయాలప్పా, తోలా? ఇప్పుడే కదా చేసి పంపిస్తిని!"

మెడ తడిమితే పొట్టి వెంట్రుకలు గుచ్చుకున్నాయి. అచ్చం నాలాంటి వాడెవడో నాకంటే ఒక అడుగు ముందు తిరుగుతున్నాడనిపించింది. బాత్రూమ్‌లో గడియ పెట్టుకొని ఏడ్చాను. అదే వారం ఇన్‌స్పెక్షన్‌లో బెస్ట్ టర్నౌట్ బ్యాడ్జి, అంటే అందరికంటే నీటుగా తయారైనవాడికి ఇచ్చేది, నాకే ఇచ్చారు. ఆ పరేడ్‌లో నిలబడ్డట్టు నాకు తెలియనే తెలియదు.

ఎంఐ రూమ్ డాక్టర్‌కు తల తిరుగుతోందని మాత్రం చెప్పగలిగాను. మిగతాది ఎలా చెప్పాలో తెలియలేదు. "నీళ్లు తాగుతాండావా? ఈ ఎండకు డీహైడ్రేషన్ అయింటాది" అని ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చాడు. బుద్ధిగా తాగాను.

అసలు సంగతి కనిపెట్టింది ఇమ్రాన్. ఆత్మకూరు వాడు, నా పక్క మంచం. ఒక మధ్యాహ్నం మెస్ బయట నా చెయ్యి పట్టుకొని పక్కకు లాగాడు.

"రేయ్, ఇప్పుడు లోపల ఏం చేస్తివో తెలుసా? అన్నం తిని, ప్లేటు కడిగి, మళ్లా పోయి లైన్లో నిలబడితివి. 'యాడికిరా' అంటే నాకు 'ఎస్ సర్' అంటివి. నా మొగం చూసే అంటివి. నీ కండ్లు మాత్రం నన్ను చూడలే."

ఆ మరుసటి వారమే మాకు ఫైరింగ్. నిజం తూటాలు. ఆర్డర్ వినగానే నా చేతులు పని చేసుకుపోతాయి, ఆ చేతుల వెనక నేను ఉండకపోవచ్చు. పక్క లేన్‌లో బోర్లా పడుకొని కాల్చేది ఇమ్రానే. అలాగని పూర్తిగా చెప్పేస్తే నా ఫైల్లో పడుతుంది. ఆఫీసర్ కావాలన్న ఆశ అక్కడితో సరి.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాడు. ఇద్దరం కలిసే వెళ్లాం.

డాక్టర్ ఈసారి మెస్ సీసీటీవీ వీడియో తెప్పించాడు. తెర మీద నా చొక్కా, నా నడక. చేతుల ఊపులో ఒక్క తప్పు లేదు. దవడ మాత్రం ఏదో నములుతూనే ఉంది, నోట్లో ఏమీ లేకపోయినా. నా మొహం అంత ఖాళీగా ఉండగలదని నాకు తెలియదు. చూడలేక తల తిప్పుకున్నాను. డాక్టర్ మెల్లగా, "మీ నాయనకు ఫోన్ చేద్దాం" అన్నాడు.

కర్నూలు ఆసుపత్రిలో ఎంఆర్ఐ నార్మల్. మొదటి ఈఈజీ, అంటే మెదడు తరంగాల పరీక్ష, కూడా నార్మలే. అమ్మ ఆ మాటకు దండం పెట్టింది, నాకైతే ఇంకా దిగులేసింది. నిద్ర లేకుండా ఉంచి తీసిన రెండో ఈఈజీలో దొరికింది. "ఫోకల్ సీజర్స్" అంది న్యూరాలజిస్ట్ మేడం. "మెదడులో ఒక చోట మాత్రమే పుట్టే మూర్ఛ ఇది. సీజర్ ఒకటి రెండు నిమిషాలే. ఆ తర్వాత కొంతసేపు మెదడు ఏదీ గుర్తుపెట్టుకోదు. అలవాటైన పని ఒళ్లే చేసుకుపోతుంది. మీ బడిలో అన్నీ అలవాటు పనులే కదా."

మొదటి మాత్రలకు నిద్రమత్తు, ఊరికే కోపం. అన్నం పెట్టిన అమ్మ మీద అరిచేవాణ్ని. మందు మార్చారు. తగ్గిందనుకుంటుండగా కల్లూరులో మా ఇనుప సామాన్ల అంగట్లో మేకులు తూచి పొట్లం కట్టి, విప్పి, మళ్లీ తూచానట. డోసు పెంచారు. ఆ తర్వాత ఇంతవరకు రాలేదు.

మెడికల్ బోర్డు 'అన్‌ఫిట్' అంది. ఇంటికొచ్చి యూనిఫాం మడతపెట్టసాగాను. నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "శానా కష్టపడితివి, నాకు తెలుసు. కానీ దాని లోపల నువ్వు లేకుంటే మాకెందుకప్పా అది?" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు కర్నూలులో డిగ్రీ చదువుతున్నాను, సాయంత్రాలు అంగడి చూసుకుంటాను. బండి నడపను. మాత్ర మానను. ఇమ్రాన్ ఆర్మీ ట్రైనింగ్‌లో ఉన్నాడు. వాడు ఫైరింగ్ గురించి చెప్తుంటే కుళ్లుకుంటాను, వింటాను కూడా.

మీ ఇంట్లో ఎవరికైనా పని మధ్యలో చూపు తేలిపోతే గట్టిగా పట్టుకోవద్దు, అరిచి ఆర్డర్లు వేయొద్దు. ప్రమాదమైంది చేతిలో ఉంటే మెల్లగా తీసేసి, పక్కనే ఉండి ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి. మనిషి లోపల ఉన్నాడో లేడో తెలియాలంటే, అవును, కాదు అని చెప్పి తప్పించుకోలేని ప్రశ్న ఒకటి అడగండి. మా అమ్మ నేను లెక్కలో తలమునకలై ఉన్నప్పుడే వచ్చి, "రేపు ఏం కూర చేయమంటావు?" అంటుంది. విసుక్కుంటూ వంకాయ అంటాను. "నిన్న కూడా అదే తింటివి కదరా" అని తిట్టుకుంటూ, తేలికపడి లోపలికి పోతుంది.